పద్నాలుగు నిమిషాల మనిషి

ఐదున్నర కూడా కాలేదు, లైనక్క అప్పటికే ఆరుగురిని నిద్ర లేపేసింది. ఏడో నంబరు నొక్కుతూ టీ గ్లాసును మోచేత్తో పక్కకు నెట్టి, చెప్పులు విడిచి, పాదాలు రెండూ బల్ల కింది అడ్డకర్ర మీద పెట్టుకుంది. యాభై మూడేళ్ళ మనిషి. పొట్టిగా, చామనఛాయగా ఉంటుంది. పందొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో ఒకే వైపు ఒరిగి కూర్చోవడం వల్ల ఎడమ భుజం కుడి భుజం కంటే బొటనవేలంత కిందికి దిగిపోయింది. హెడ్‌సెట్ ఇవాళ కుడి చెవికి ఉంది. మొన్న సోమవారం డాక్టరు ఎడమ చెవిలో లైటు వేసి చూసి, దీని పని అయిపోయిందమ్మా, ఆ రెండోదాన్నైనా కాపాడుకో అన్నాడు. ఇంటికెళ్ళి ఆ మాట చెబితే ఆడపడుచు నవ్వింది. "పోనీలే వదినా, ఇకమీదట నేను తిట్టేటప్పుడు ఆ వైపుకొచ్చి తిడతాను" అంది.

రోజుకు వందసార్లు "లైన్లో ఉండండి" అంటుందని డ్రైవర్లు పెట్టిన పేరు లైనక్క. మొదట్లో చిరాకు పడింది, తర్వాత పలికింది, ఇప్పుడు అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే తననేనా అని వెనక్కి తిరిగి చూసుకుంటుంది.

మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది. నాలుగు బల్లలు, రెండు కిటికీలు, ఎప్పుడూ సగమే వెలిగే ట్యూబులైటు. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు సెంటరుకు వెళ్ళి నాలుగేసి గంటలు మెషీను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి కదా, వాళ్ళలో సొంత బండి లేనివాళ్ళకూ బస్సెక్కే ఓపిక లేనివాళ్ళకూ కారు పంపించే ఆఫీసు ఇది. కారు ఖర్చు ఒక సహాయనిధి భరిస్తుంది. డ్రైవరు చీటీ మీద రోగి సంతకం ఉంటేనే అతనికి డబ్బు వస్తుంది. ఎదురుగా గోడ మీద బోర్డు: ప్రాణాపాయం లేని ప్రయాణాలు మాత్రమే. ఆ బోర్డు చూస్తే లైనక్కకు ఒళ్ళు మంట. ప్రాణం మీదికి రాకపోతే పొద్దున్నే లేచి, చేతికి అంతేసి సూదులు పొడిపించుకోవడానికి సరదా పడి పోతున్నారా వీళ్ళంతా?

డ్రైవరు గుమ్మం ముందు పది నిమిషాలు ఆగుతాడు. పదకొండో నిమిషంలో బండి కదిలిపోతుంది. మెట్లెక్కి పిలవడం అతని పని కాదు. మనిషి దిగకపోతే కంప్యూటర్లో 'రాలేదు' అని పడుతుంది. ఏడాదిలో మూడు 'రాలేదు'లు పడితే పేరు కొట్టేస్తారు. ఖాళీ బండికి డబ్బు దండగ అని నిధివాళ్ళ బాధ. ఎవరి బాధ వాళ్ళది.

కానీ మోకాళ్ళు అరిగినవాళ్ళు, చూపు మందగించినవాళ్ళు పది నిమిషాల్లో ఎలా దిగుతారు? అందుకని ఎవరూ చెప్పకుండానే లైనక్క ఒక పని నెత్తికెత్తుకుంది. బండి గుమ్మం చేరకముందే ఇంటికి ఫోను చేసి, ఇక బయల్దేరండి అని చెబుతుంది. ఎవరు కిందికి దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఏడు నిమిషాల టీచరమ్మ. తొమ్మిది నిమిషాల చెప్పుల షాపాయన. మొగుడు చెయ్యి పట్టుకుంటే ఐదు, ఆ పూట పోట్లాడుకుని ఉంటే పదకొండు పట్టే మేడింటావిడ. జాబితా చూసుకుంటూ పని చేసేది కొత్తవాళ్ళు. లైనక్క ఆ కాగితం వైపు కన్నెత్తి చూడదు. గర్వం అనేది ఆమెకు ఏమైనా ఉందంటే ఆ ఒక్క విషయంలోనే.

కాంపౌండరుగారు పద్నాలుగు నిమిషాల మనిషి.

ఏడేళ్ళ కింద మొదటిసారి ఫోను చేసినప్పుడు ఆయన ఆరు నిమిషాల మనిషి. తర్వాత తొమ్మిదయ్యారు, పన్నెండయ్యారు. ఈ ఏడు పద్నాలుగు. అంకె మారినప్పుడల్లా ఆమెకు గుండె కలుక్కుమనేది. ఏం చేస్తుంది, ఫోను రెండు మూడు నిమిషాలు ముందుకు జరిపేది. నలభై ఏళ్ళు ఒక డాక్టరు దగ్గర సీసాల్లో మందులు కలిపిన మనిషి ఆయన. భార్య పోయింది, పిల్లల్లేరు, ఒక మూడో అంతస్తు గదిలో ఒక్కడే ఉంటారు. ఇవన్నీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా తెలిసినవే. మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. గొంతును బట్టి సన్నగా, పొడుగ్గా, నున్నగా గడ్డం చేసుకుని ఉంటారనుకునేది. ఆయన ఆమెను "తల్లీ" అంటారు, ఆమె "బాబాయిగారూ" అంటుంది.

మూడేళ్ళ కింద ఆయన పేరు ఒకసారి కొట్టేశారు. మళ్ళీ ఎక్కించడానికి ఫారాలూ సంతకాలూ తిరిగి నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ బస్సుల్లో వెళ్ళి, ఒకనాడు ఫుట్‌బోర్డు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. అప్పట్నుంచీ ఫోను పెట్టేసే ముందు ఒకటే మాట. "నా పేరు మాత్రం కొట్టేయనీకు తల్లీ."

సరిగ్గా ఆ మాట నిలబెట్టబోయి ఈ వారం చిక్కులో పడింది.

సోమవారం ఆమె చెవి చూపించుకోవడానికి సెలవు పెట్టింది. ఆమె సీట్లో కూర్చున్నవాళ్ళు ముందు ఫోన్లు చేయలేదు, చేయాలని వాళ్ళకు తెలియదు కూడా. బండి పది నిమిషాలు ఆగి వెళ్ళిపోయింది. హారను విని బయల్దేరిన కాంపౌండరుగారు పద్నాలుగో నిమిషంలో దిగి, ఖాళీ రోడ్డును చూసి, మళ్ళీ మెట్లెక్కారు. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే ఆయన పేరు పక్కన 'రాలేదు' అని ఎర్రగా ఉంది. ఈ ఏడు అప్పటికే రెండున్నాయి, ఇది మూడోది. మధ్యాహ్నం లోపల దిద్దుకోవడానికి వీలుంటుంది. లైనక్క అటూ ఇటూ చూసి, 'రాలేదు' తీసేసి 'తనే వద్దన్నారు' అని పెట్టింది. రోగి తనంతట తను వద్దంటే తప్పు కింద రాదు. ఇలా దిద్దడం ఆమెకు మొదటిసారి కాదు. పక్క సీటావిడ ఇలాగే రెండు పేర్లు దిద్దిందని బయటపడి, పోయినేడు ఆవిడను ఒక పూటలో ఇంటికి పంపించేశారు. ఆ కుర్చీ మీద ఇప్పుడు పాత ఫైళ్ళున్నాయి.

బుధవారం ముందు ఫోను చేస్తే ఆయనే ఎత్తారు. కాళ్ళు వాచిపోయాయనీ, ఈ పూట లేవలేననీ, శుక్రవారం తప్పకుండా వస్తాననీ అన్నారు. ఆస్పత్రికి వెళ్ళమని ఆమె నచ్చజెప్పబోయింది. ఆయన నవ్వారు, నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగారు. ఆ రోజు రాసిన 'తనే వద్దన్నారు' మాత్రం నిజం. రెండూ కలిపి చూస్తేనే ఆమెకు తిండి సయించలేదు. 'రాలేదు' అని ఉంటే సెంటరులో నర్సు కంగారుపడి ఇంటికి ఫోను చేస్తుంది. 'తనే వద్దన్నారు' అని ఉంటే, సరే ఊరెళ్ళారేమో అనుకుని ఊరుకుంటుంది. పోయిన శుక్రవారం మెషీను మీద పడుకున్న మనిషికి ఈ శుక్రవారానికి ఏడు రోజులు. ఇన్నేళ్ళలో ఏడు రోజులు ఆగినవాళ్ళ సంగతి ఆమె రెండుసార్లు విన్నది. రెండోసారి విన్నది ఫోన్లో ఏడుపు.

అందుకే ఇవాళ ఆయన నంబరు ఒక్కో అంకే చూసుకుని నొక్కింది. సరిగ్గా ఆరు. బండి ఆరూ పావుకు రావాలి.

మొదటి రింగుకే ఎత్తారు.

"నాలుగింటికే లేచి కూర్చున్నా తల్లీ. చొక్కా కూడా వేసేసుకున్నా."

గొంతు తడిగా ఉంది. మాటకూ మాటకూ మధ్య ఏదో గురగురమంటోంది. అయినా ఎత్తారు, అదే పదివేలు అనుకుంది లైనక్క. "ఇక బయల్దేరండి బాబాయిగారూ. నెమ్మదిగా. కమ్మీ పట్టుకుని దిగండి."

"దిగుతా. బండి వచ్చేస్తుంది కదూ?"

"వచ్చేస్తుంది. నేను చెబుతున్నాగా."

ఫోను ఇంట్లోనే పెట్టి దిగుతారాయన. ఒక చేతికి సంచి, ఒక చేతికి మెట్ల కమ్మీ. అది ఆమెకు తెలుసు. ఫోను పెట్టేసి, గ్లాసులో అడుగున మిగిలిన చల్లటి టీ ఒక గుక్కలో తాగేసింది.

ఆ తర్వాత రోజూ ఉండే గోలే. టీచరమ్మ డ్రైవరు పాటలు పెద్దగా పెడుతున్నాడంది, డ్రైవరు ఆవిడే పెట్టమందన్నాడు. చెప్పుల షాపాయన ముందు సీటు కావాలన్నాడు. మేడింటావిడ మొగుడు తనూ వెంట వస్తానన్నాడు, వెనకనుంచి ఆవిడ ఎందుకు, అక్కడ కూడా నా ప్రాణం తీయడానికా అంది. లైనక్క అందరికీ లైన్లో ఉండండి అంది. కాంపౌండరుగారి గురించి ఏ ఫోనూ రాలేదు. ఆ ఆఫీసు పద్ధతి అది: మనిషి ఎక్కితే డ్రైవరు ఫోను చేయడు, ఎక్కకపోతేనే చేస్తాడు. ఫోను రాలేదంటే మనిషి క్షేమంగా బండిలో ఉన్నట్టే. ఏడుంబావుకు కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద పడింది. ఈపాటికి ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి ఉంటారు, సూదులు కూడా పెట్టేసి ఉంటారు అనుకుంది. ఎనిమిదిన్నరకు డబ్బా తెరిచి రెండు ముద్దలు తిన్నది. మొగుడు పొద్దున చీకట్లో లేచి కట్టిన డబ్బా. ఒక పెద్ద బిల్డింగులో లిఫ్టు నడిపేవాడు ఆయన. తనంతట తనే నడిచే లిఫ్టు పెట్టాక, రెండేళ్ళుగా ఇంట్లోనే ఉంటున్నాడు. ఇల్లు నడిచేది లైనక్క జీతం మీద.

తొమ్మిదింటికి డ్రైవర్లు పొద్దుటి చీటీలు తెచ్చిచ్చారు. ఆమె వేలికి తడి అద్దుకుని లెక్కపెట్టింది. పదకొండున్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. పన్నెండుండాలి.

పొడుగ్గా, సన్నగా ఉండే డ్రైవరు ఆ వైపు వీధులు చూస్తాడు. కాంపౌండరుగారి చీటీ ఏదని అడిగితే, ఆయన పేరు ఇవాళ నా కాగితంలో లేదక్కా అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. అతను కాగితం చూపించాడు. నిజమే, లేదు.

"కానీ ఆయన్ని చూశానక్కా" అన్నాడతను. "టీచరమ్మ కోసం వెళ్తుంటే గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. చెయ్యి ఊపారు. నేనూ ఊపాను."

ఒక్క క్షణం గదిలో ఏ చప్పుడూ ఆమెకు వినబడలేదు, కుడి చెవికి కూడా. తర్వాత పొద్దుటి జాబితాను ఆ వారంలో మొదటిసారి చేతిలోకి తీసుకుంది. అందరికంటే కింద, సన్నటి అక్షరాల్లో, కాంపౌండరుగారి పేరు ఉంది. పక్కన 'నిలుపుదల' అని ఉంది.

సూపర్‌వైజరు ముప్పై ఏళ్ళవాడు. చెడ్డవాడు కాదు, కాగితం చెప్పినట్టు నడిచే మనిషి. అతను కంప్యూటర్లో చూసి చెప్పాడు. పదిహేను రోజుల కింద కొత్త సర్క్యులర్ వచ్చింది. వరసగా రెండుసార్లు 'తనే వద్దన్నారు' అని పడితే, రోగి ఊళ్ళో లేడని లెక్కగట్టి బండి దానంతటదే ఆగిపోతుంది. రోగి మళ్ళీ కావాలని సంతకం చేసి పంపితే మొదలవుతుంది. సర్క్యులర్ మీ బల్ల మీద కూడా పెట్టానక్కా అన్నాడు. పెట్టే ఉంటాడు. చదివిన పాపాన పోతే కదా.

పేరు కొట్టేయకుండా కాపాడదామని తను చేసిన పనే బండిని ఆపేసింది. పైగా రాని బండి కోసం మనిషిని తనే కిందికి దింపింది. ఆరింటి నుంచీ ఆయన ఆ గేటు దగ్గర కూర్చుని ఉన్నారు. మూడంతస్తులు మళ్ళీ ఎక్కే ఓపిక ఆయనకు లేదు, ఎక్కరు కూడా, ఎందుకంటే బండి వచ్చేస్తుందని తను చెప్పింది.

ఆయన నంబరు చేసింది. మూడో అంతస్తులో ఖాళీ గదిలో అది మోగి మోగి ఆగింది. సెంటరుకు చేసింది. నర్సు ముందు విసుక్కుంది, ఏడు రోజులన్న మాట విన్నాక గొంతు మారింది. ఒక మెషీను ఖాళీగా ఉందనీ, పదకొండు లోపల ఎలాగైనా తీసుకురమ్మనీ, ఆలస్యం చేయొద్దనీ చెప్పింది. ఎలాగైనా అనడం తేలికే. లైనక్క సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి ఒక్క బండి ఇవ్వమంది. సంతకం లేకుండా నిలుపుదల తీయలేనన్నాడు, నిధివాళ్ళు నా పీక పట్టుకుంటారన్నాడు. అంత ప్రమాదమైతే అంబులెన్సుకు చేయమన్నాడు.

చేసింది. అవతల ఒక అమ్మాయి గబగబా అడిగింది: పేషెంటుకు ఏమైంది, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా, రక్తం పోతోందా. మీరు దగ్గరున్నారా. లైనక్క లేనంది. ఆయన కారు కోసం కూర్చున్నారు అంది. అలా అన్నాక ఆ మాట ఎంత చప్పగా ఉందో తనకే తెలిసింది. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, డయాలసిస్‌కు తీసుకెళ్ళడానికైతే అంబులెన్సు రాదమ్మా, దానికి వేరే ఆఫీసుంది, నంబరు రాసుకోండి అని. లైనక్క పెన్ను కూడా తీసింది. ఆ అమ్మాయి చదివింది తన బల్ల మీదున్న ఫోను నంబరే.

తొమ్మిదీ నలభై.

దారి ఇంకొకటుంది. అది ఆమెకు మొదటి నిమిషంలోనే తెలుసు. సోమవారం ఆయన వద్దనలేదు, ఆ గుర్తు నేను పెట్టిందే అని ఒక్క మాట చెబితే, ఒక గుర్తు కొట్టుబడిపోతుంది. రెండు లేకపోతే నిలుపుదల లేదు. దాని బదులు మూడో 'రాలేదు' పడినా, పేరు కొట్టేసే కాగితం నెలాఖరుకు గానీ కదలదు. మరుక్షణం బండి కదులుతుంది. ఆ మరుక్షణం ఆమె కుర్చీ మీదికి కూడా పాత ఫైళ్ళు వస్తాయి.

సూపర్‌వైజరే ఒకసారి అడిగాడు, పాపం, దారి వెతుకుతూనే. "సోమవారం ఆయనే వద్దన్నారు కదా? పొరపాటేం లేదు కదక్కా?"

"లేదు" అంది లైనక్క.

ఆ మాట నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో ఆమెకే భయం వేసింది.

తర్వాత ఆమె చేసిన పనులన్నీ పనికొచ్చే పనుల్లాగే ఉన్నాయి. సంతకం బదులు సెంటరు నుంచి ఒక ఉత్తరం సరిపోతుందేమో అడిగింది. నర్సు పెద్ద డాక్టరును అడిగి చెబుతానంది. పెద్ద డాక్టరు రౌండ్సులో ఉన్నాడు. ఫారం తెరిచి ఆయన పేరు, వయసు, చిరునామా, అంతస్తు నింపింది. 'మెట్లు దిగగలరా' అన్న చోట ఆగింది. దిగగలరు అని రాసింది. పొడుగు డ్రైవరును పక్కకు పిలిచి, ఒకసారి వెళ్ళి చూసిరా తమ్ముడూ అంది. చీటీ లేకుండా బండి తీస్తే నా పని గోవిందా అక్కా అన్నాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు, ఆమె మళ్ళీ అడగలేకపోయింది. ఆటో పట్టుకుని తనే వెళ్దామంటే, కుర్చీ ఎందుకు వదిలావని అడుగుతారు, ఆ ప్రశ్నకే ఆమె భయపడుతోంది. మధ్యలో మధ్యాహ్నం బ్యాచీవాళ్ళ ఫోన్లు. లైన్లో ఉండండి, లైన్లో ఉండండి. మొగుడు గుర్తొచ్చాడు. ఉద్యోగం పోయిన మొదటి నెల ఆయన రోజూ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడేవాడు, ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. ఆ గుమ్మంలో ఇప్పుడు తను కూడా నిలబడాలి. ఆడపడుచు తిట్టదు, అదే తను భరించలేదు. ఫోను ఎత్తినప్పుడల్లా గడియారం చూసింది. పది. పదీ ఐదు. పదీ పదిహేను. మింగలేదు, కక్కలేదు.

పదీ ఇరవైకి నర్సు మళ్ళీ చేసింది. పెద్ద డాక్టరు ఉత్తరం సాయంత్రం ఇస్తానన్నాడట. ఇంకా బయల్దేరలేదా అని అడిగింది. "ఏడు రోజులంటే అక్కా, ఏ నిమిషానికైనా గుండె ఆగిపోతుంది. ముందు చెప్పి ఆగదు" అంది.

లైనక్క హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. చెప్పులు వేసుకోకుండానే సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళింది.

"సోమవారం ఆయన వద్దనలేదు సార్. నేనే దిద్దాను. ముందు బండి పంపించండి. నా సంగతి తర్వాత చూద్దురు."

అతను తల ఎత్తి ఆమెను చూశాడు. రెండు మీటలు నొక్కాడు. 'నిలుపుదల' పోయింది. అంతే పని, రెండు మీటలు. పొడుగు డ్రైవరు అప్పటికే తాళాలు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు, ఆమె అతని వెనకే పరిగెత్తింది. పని వేళలో ఆమె ఆ మెట్లు దిగడం పందొమ్మిదేళ్ళలో అదే మొదలు.

పది నిమిషాల దారి. ఎర్ర లైటు దగ్గర అతను స్టీరింగు మీద వేళ్ళతో కొట్టాడు, ఆమె వద్దనబోయి ఊరుకుంది. ఆమె మనసులో ఒకటే నడుస్తోంది: ఆయన కోప్పడతారు, పడనీ. ఇంతసేపా తల్లీ అంటారు. అననీ.

సన్నటి వీధి. ఒక వైపు కుట్టుమిషను షాపు, ఎదురుగా పాత ఇటుక బిల్డింగు, ఇనుప గేటు. గేటు లోపల, మెట్ల పక్కన, ఎండ పడని చోట ఒక కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆమె అనుకున్నట్టు పొడుగ్గా లేరు. గుండ్రటి మొహం, పొట్టి మనిషి, మొహమంతా నీరు పట్టి ఉబ్బింది. తెల్ల చొక్కా, మెడ దాకా అన్ని బొత్తాలూ పెట్టుకున్నారు. తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, రోడ్డు వైపు తిరిగి ఉన్నారు. ఒళ్ళో సంచి, సంచి మీద చెయ్యి.

"బాబాయిగారూ" అంది లైనక్క. "బండి వచ్చింది."

డ్రైవరు గబగబా వచ్చి వంగి, వాచీ పైకి జరిపి మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఆ చేతిని నెమ్మదిగా సంచి మీదే మళ్ళీ పెట్టి, ఆమె వైపు చూడకుండా పక్కకు జరిగాడు.

కుట్టుషాపావిడ మెడలో టేపుతో రోడ్డు దాటి వచ్చింది. ఆయన బండి వచ్చే రోజుల్లో ఎప్పుడూ ఇక్కడే కూర్చుంటారనీ, అందుకే ఎవరికీ అనుమానం రాలేదనీ చెప్పింది. తను ఎనిమిదింటికి షట్టరు తీస్తూ, ఇంకా రాలేదా తాతయ్యా, పైకి తీసుకెళ్ళనా అని అడిగిందట. "వద్దన్నారమ్మా. 'మా ఆఫీసమ్మాయి ఫోను చేసి రమ్మంది, బండి రాకపోవడమేంటి' అన్నారు. తర్వాత నేను మిషను మీద కూర్చున్నా. ఇటు చూడలేదు. ఎప్పుడు పోయారో ఏమో. బహుశా నాతో మాట్లాడిన కాసేపటికే పోయుంటారు. మీరెవరు, కూతురా?"

లైనక్క మెట్టు మీద కూర్చుంది. ఎనిమిదింటికేనా, అనుకుంది. ఎనిమిదింటికే అయితే, తనకు తెలిసేసరికే అంతా అయిపోయింది. తొమ్మిదింటికి చెప్పినా, పదింటికి చెప్పినా ఒకటే. సిగ్గులేకుండా ఆ ఆలోచనను గట్టిగా పట్టుకుంది, మెట్లకు కమ్మీ పట్టుకున్నట్టు. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

డ్రైవరు అంబులెన్సుకు చేశాడు. ఈసారి వాళ్ళ ప్రశ్నలకు జవాబులున్నాయి, పావుగంటలో వచ్చారు. ఇద్దరు మనుషులు ఆయన్ను కుర్చీలోంచి లేపి స్ట్రెచరు మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పారు. సంచి కూడా ఆయన కాళ్ళ దగ్గర పెట్టారు. బండి వెళ్ళిపోయింది. కుట్టుషాపావిడ వెళ్ళిపోయింది. డ్రైవరు సూపర్‌వైజరుకు ఫోను చేస్తూ గేటు బయట నిలబడ్డాడు, అక్కా, నిన్ను మాట్లాడమంటున్నారు అని పిలిచాడు. ఆమె వెళ్ళడానికి లేచింది. కాలికి ఏదో తగిలి దొర్లబోతే వంగి పట్టుకుంది.

కుర్చీ కాలి పక్కన పెట్టుకున్న గాజు సీసా. డయాలసిస్ మనుషులకు నీళ్ళు కొలత ప్రకారమే, దాహం వేసినా గంటకు ఒక్క గుక్క. పాతకాలం మందు సీసాలకు అంటించినట్టే దీనికీ నిలువునా ఒక కాగితం పట్టీ అంటించి ఉంది. పట్టీకి కత్తెరతో సమానంగా కోసిన గాట్లు. పైనుంచి కిందికి ఒక్కో గాటు పక్కన, వణికే చేత్తోనైనా గుండ్రంగా, ఒక్కో గంట రాసి ఉంది: ఆరు, ఏడు, ఎనిమిది, అలా పన్నెండు దాకా. ఏ గంటకు ఆ గాటు వరకే తాగాలి. ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఎనిమిది దాటింది. తొమ్మిది కూడా దాటింది. నీళ్ళు కదలడం ఆగేదాకా చూసింది. సీసాలో నీళ్ళు సరిగ్గా పది అని రాసిన గాటు దగ్గర నిలిచి ఉన్నాయి.